తాయారును కాకి ఎత్తుకుపోయిన రోజు

బాల్కనీ ఇంత పొడుగెప్పుడైందో హైమవతికి అర్థం కావడం లేదు. రెండు కుర్చీలు వేస్తే మూడో కుర్చీ పట్టని బాల్కనీ ఇప్పుడు సామర్లకోట ప్లాట్‌ఫారంలా సాగిపోతోంది, ఆమె నడుస్తూనే ఉంది, పక్కన పిట్టగోడ, గోడకవతల కాకినాడ రోడ్డు ఉండవలసిన చోట సముద్రం, ఆ సముద్రం కూడా అలల్లేకుండా బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా, కదలకుండా పడి ఉంది. కాళ్ళకింద గచ్చు అప్పుడే కడిగినట్టుంది గానీ పాదాలకు తడి అంటడం లేదు. చివర్లో తెల్లరంగు వేసిన చెక్కపెట్టె ఒకటి నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది, వాతావరణ కేంద్రం ఆవరణలో థర్మామీటర్లకు ఎండ తగలకుండా పెడతారే, ఆ పెట్టె, దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో చిదంబరరావు కూర్చుని ఉన్నాడు. ఆయన పోయి ఇవాళ్టికి సరిగ్గా ఏడాది. అయినా చొక్కా ఇస్త్రీ నలగలేదు. ఆ ఇస్త్రీ ఇప్పుడెవరు చేస్తున్నారన్న ఆలోచన ఆమెకు దుఃఖం కన్నా ముందు వస్తుంది.

"ఇంత దూరం నడిచొచ్చావు, కూర్చో" అంటాడాయన.

ఉన్నది ఒకటే కుర్చీ. అందులో ఆయనే ఉన్నాడు.

"ఎక్కడ కూర్చోమంటారు, మీ నెత్తినా?"

"అదే నోరు" అంటాడు, సంతోషంగానే. తర్వాత ఆమె చేతుల కేసి చూస్తాడు, భుజం కేసి చూస్తాడు, ఆమె వెనక ఎవరైనా నక్కి ఉన్నారేమోనని తల వంచి చూస్తాడు. "తాయారేది?"

ముప్పై మూడేళ్ళు కాపురం చేసిన మనిషి, ఏడాది తర్వాత కనిపించిన పెళ్ళాన్ని అడిగిన మొదటి ప్రశ్న అది.

తాయారంటే ఆడమనిషి కాదు, ఊసరవెల్లి. ఈ సంగతి తెలియక కింది ఫ్లాటావిడ మూడు నెలలపాటు హైమవతి కేసి జాలిగా చూసేది, ఎందుకంటే రోజూ పొద్దున్నే పైనుంచి "తాయారూ, ఎండలోకి రామ్మా, ఆకలేస్తోందా తల్లీ" అని చిదంబరరావు గొంతు దిగివచ్చేది, అంత మెత్తటి గొంతుతో ఆయన ఇంట్లో ఇంకెవరినీ పిలిచిన దాఖలా లేదు. వాతావరణ కేంద్రంలో ముప్పై ఆరేళ్ళు పరిశీలకుడిగా చేసి, మూడు గంటలకోసారి మబ్బు రంగు చూసి పుస్తకంలో ఎక్కించడం తప్ప మరో పని చేతకాని మనిషి, రిటైరైన ఆరో నెలలో విశాఖపట్నం వెళ్ళి అట్టపెట్టెలో దీన్ని పట్టుకొచ్చాడు. మన కంచెల్లో తిరిగే రకం కాదట, ఆ రకాన్ని పెంచితే నేరమట, ఇది ఎక్కడో ఎడారి దేశానిది, నెత్తిన గోపురంలాంటి ఎముక, కాగితాలన్నీ ఉన్నాయి. కాగితాలున్నాయి కదా అని వెల్లుల్లి అడుగుపెట్టని ఆ ఇంట్లోకి డబ్బా నిండా బతికున్న కీచురాళ్ళు కూడా వచ్చాయి, దాని భోజనానికి.

"ముందు బావున్నావా అని అడగొచ్చుగా" అంటుంది హైమవతి.

"పోయింది నేను. అడిగితే నువ్వడగాలి."

"సరే, బావున్నారా?"

"ఇరవై ఏడు డిగ్రీలు. గాలిలో తేమ కొంచెం ఎక్కువ." ఆయన పెట్టె తలుపు తీసి లోపలికి చూసి చెబుతాడు. "దానికి సరిగ్గా సరిపోయే వాతావరణం. తీసుకొస్తావనుకున్నాను."

ఆమె వచ్చింది తాయారు సంగతి చెప్పడానికి కాదు, ఒక్క మాట అడగడానికి. ఏడాది కిందట, ఇదే తిథి నాడు, పొద్దున్న ఏడున్నర వేళ ఆమె పెనం మీద పెసరట్టు పోసి ఉంది. "హైమా, ఇటు రా" అని బాల్కనీలోంచి పిలిచాడాయన, ఒక్కసారి. రోజుకు పదిసార్లు వినే మాటే. వెళితే చూపించేది ఊసరవెల్లినే, మెడ దగ్గర పసుపు మచ్చ లేచింది చూడు, తోక చుట్ట విప్పింది చూడు. "వస్తున్నా" అంది ఆమె, అట్టు తిరగేసింది, ఇంకో అట్టు పోసింది, చట్నీలోకి పోపు పెట్టింది. ఇరవై నిమిషాల తర్వాత పళ్ళెం పట్టుకుని వెళ్ళేసరికి ఆయన కుర్చీలో పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు, కరివేపాకు కొమ్మ మీద తాయారు మాడిన వత్తిలా నల్లగా ఉంది. "నాన్న నిన్ను పిలిచాడా అమ్మా?" అని కూతురు ప్రసూన ఫోనులో ఏడుస్తూ అడిగితే "లేదే, నిద్రలోలా వెళ్ళిపోయారు" అంది హైమవతి. ఆ అబద్ధం కూతురి నుంచి మరిదికి, మరిది నుంచి చుట్టాలకి చేరింది, ఎంత సుఖమైన చావు, ఎవరినీ ఒక్క మాట కూడా కష్టపెట్టలేదు అని అందరూ దాన్ని మెచ్చుకున్నారు.

ఆయన నొప్పొచ్చి పిలిచి ఉంటే, ఆమె రెండు పెసరట్ల కోసం మొగుణ్ణి పోగొట్టుకున్నదవుతుంది. ఊసరవెల్లి రంగు చూపించడానికి పిలిచి ఉంటే, ఆయన ఆఖరి మాట కూడా దాని గురించే అవుతుంది. రెండిట్లో ఏది తక్కువ చేదో ఏడాదిగా తేలలేదు. ఏదో ఒకటని తెలిస్తే దానికి తగ్గట్టు ఏడవొచ్చని ఆమె ఆశ.

"ఏమండీ, ఆ రోజు పొద్దున్న..." అని మొదలుపెడుతుంది. నోట్లోంచి మాత్రం "అల్లం సరిపోయిందా?" అని వస్తుంది.

"దేన్లో?"

"ఏం లేదు."

బాల్కనీ ఇప్పుడు కొంచెం కురచైంది, పిట్టగోడ పొడుగునా కరివేపాకు చెట్లు లేచాయి, ఒకటి కాదు, వరసగా, ఆకులు అరచేతులంత ఉన్నాయి, ప్రతి ఆకు చివరా ఒక నీటిచుక్క వేలాడుతోంది గానీ రాలడం లేదు. వాటి మధ్యలోంచి చూస్తే చిదంబరరావు చిన్నవాడిలా, పెళ్ళినాటి మీసంతో కనిపిస్తాడు. ఆకు తప్పిస్తే మళ్ళీ అరవై రెండేళ్ళవాడే.

"మీరు పోయిన మొదటి వారమే దాన్ని చంపేసేదాన్ని" అంటుంది హైమవతి, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కాబట్టి. "మీ అన్నప్రాశన నాటి వెండిగిన్నె తీసి, నీళ్ళు పోసి దాని మూతి ముందు పెట్టాను. ముట్టలేదు. కళ్ళు లోపలికి పోయాయి. మీ మీద బెంగనుకున్నాను."

"వెండిగిన్నెలోనా!"

"పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ చెప్పాను కూడా. మూగజీవం చూడండి, ఆయన పోయినప్పట్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టడం లేదు అని. అందరూ దాని ముందు నిలబడి కళ్ళొత్తుకున్నారు. నేనూ పక్కనే ఉన్నాను, పూటకో ముద్ద తింటున్నాను కాబట్టి నా వంక ఎవరూ చూళ్ళేదు. పదో రోజుకి మీ చుట్టాల్లో దానికొచ్చిన పేరు నాకు ముప్పై మూడేళ్ళలో రాలేదు."

చిదంబరరావు నవ్వుతాడు, కుర్చీ కాలు ఒకటి గచ్చులోకి కొంచెం దిగబడుతుంది.

"తర్వాత ప్రసూన ఎక్కడో చదివి చెప్పింది. దానికి నిలవనీళ్ళు కనిపించవట. ఎదురుగా చెరువున్నా నాలుక పిడచగట్టి చస్తుందట. ఆకు మీద జారే చుక్క కనిపిస్తేనే అది నీళ్ళని తెలుస్తుందట. బెంగా లేదు, బెల్లమూ లేదు. దాహం."

"మొదటి పేజీలోనే రాశానుగా! ఆకుల మీద చల్లాలి, పొద్దున్న రెండుసార్లు, సాయంత్రం ఒకసారి."

"ఆ పుస్తకం నాకెప్పుడిచ్చారు చదవమని?"

ఆ పుస్తకం పెద్ద పుస్తకం. ఆఫీసు అలవాటు పోక, చిదంబరరావు తాయారు రంగు రోజుకు మూడుసార్లు అందులో ఎక్కించేవాడు. ఉదయం ఎనిమిది: లేత ఆకుపచ్చ, మచ్చలు పసుపు, ప్రశాంతం. పదకొండు: ముదురు, వీధిలో టపాసులు. నాలుగు: మామిడిపిందె రంగు, ఆకలి.

"నాకు కామెర్లొచ్చినప్పుడు" అంటుంది హైమవతి, మామూలు గొంతుతోనే, "కింది ఫ్లాటావిడ చెబితే గానీ తెలియలేదు మీకు, నేను పచ్చగా ఉన్నానని."

"నువ్వెప్పుడూ వంటింట్లో ఉంటావు. అక్కడ వెలుతురు చాలదు."

"ఆ ట్యూబులైటు మార్చమని ఎన్నిసార్లు చెప్పాను?"

"ఎన్నిసార్లు?"

"మీరు రాసుకోలేదుగా, నాకేం తెలుసు."

ఆయన పెట్టె తలుపు తీసి చూస్తాడు, మళ్ళీ ఇరవై ఏడే అంటాడు. లోపల థర్మామీటరు లేదని, పోపులడబ్బా ఉందని హైమవతికి కనిపిస్తుంది, అది తన వంటింట్లోదే, మెంతుల గిన్నెకు సొట్ట కూడా ఉంది, కానీ కలలో అది విడ్డూరంగా అనిపించదు.

ఆమె చెబుతూ పోతుంది, ఆపుకోలేకపోతోంది, ఎందుకంటే ఈ సంగతులు చెప్పుకోవడానికి బతికున్నవాళ్ళలో ఎవరూ లేరు. కీచురాళ్ళకు క్యారట్టు తురుము, బెండకాయ తొడిమలు పెట్టి పెంచిందని, తద్దినాలకు మడి కట్టుకునే చేత్తోనే వాటి కాలు పట్టుకుని తాయారుకు చూపించిందని, మొదటిసారి ఆ నాలుక జానెడు దూరం వచ్చి వేలి చివర తాకి వెళితే కేకపెట్టి గిన్నెలన్నీ కింద పడేసిందని. అది ఎక్కి కూర్చునే చెట్టు కాబట్టి కరివేపాకు కొయ్యడం మానేసి ఏడాదిపాటు ఇంట్లో పోపు బోడిగానే వేసిందని. తన్ను చూడగానే అది నల్లబడేదని, నామీద కోపం కాబోలని మొదట్లో తనూ మొహం ముడుచుకుని తిరిగేదని, అది కోపం కాదు భయమని, చలేసినా అంతేనని మెల్లిగా తెలిసిందని.

"నాలుగో నెలలో ఒక పొద్దున్న, నేను వెళ్ళినా అది నల్లబడలేదు. పచ్చగానే ఉంది. చెయ్యి చాపితే కొమ్మ దిగి నా వేలెక్కింది. అయిదు వేళ్ళు రెండుగా చీల్చి పట్టుకుంటుందిగా, చిన్న పట్టకారు పెట్టినట్టుంది. అట్లాగే నిలబడిపోయాను. స్టవ్ మీద పాలు పొంగి పోయాయి."

"నా వేలెక్కడానికి ఏడు నెలలు పట్టింది" అంటాడు చిదంబరరావు. మొహం కొంచెం నల్లబడుతుంది.

"రాసుకోండి."

ఒక్క క్షణం ఇద్దరూ, బతికి ఉండగా ఎప్పుడూ లేనంత దగ్గరగా, ఒకే పిల్ల గురించి కీచులాడుకునే తల్లీ తండ్రిలా ఉంటారు. అప్పుడు ఆయన మళ్ళీ అడుగుతాడు.

"మరి ఏది?"

పిట్టగోడ మీద ఇప్పుడు కాకులున్నాయి. కాకులు కావు, చుట్టాలు, మరిది భీమశంకరం, తోటికోడలు, శాస్త్రిగారు, పొద్దున్న వచ్చినవాళ్ళంతా బారుగా గోడెక్కి చేతులు జోడించుకుని ముక్కులు కిందికి పెట్టుకుని కూర్చున్నారు. చెప్పక తప్పదు.

ఇవాళ పొద్దున్న ఆబ్దికం. హోమం పొగ ఇల్లంతా కమ్ముకుంది, పొగ తగిలితే తాయారుకు ఊపిరాడదు కాబట్టి హైమవతి దాన్ని తెచ్చి బాల్కనీలో చెట్టు మీద పెట్టింది. రోజూ అది ఎండలో ఉన్నంతసేపూ ఆమె స్టూలు మీద కర్ర పట్టుకుని కాపలా కూర్చుంటుంది, కాకులు వాలకుండా. పిండం తెచ్చి గోడ మీద విస్తరాకులో పెట్టగానే భీమశంకరం ఆ కర్ర చేతిలోంచి లాక్కున్నాడు. "వదినా, ఇవాళ కర్రేమిటి చేతిలో! వచ్చేది అన్నయ్య!" కర్ర మంచం కిందికి వెళ్ళింది. బొంతకాకి ఒకటి వచ్చి వాలింది, తల అటు తిప్పింది, ఇటు తిప్పింది, పిండం ముట్టలేదు. ముట్టకపోతే పోయినాయనకు తీరని కోరిక ఏదో ఉందని అర్థం, అది కనిపెట్టి మాటిస్తే గానీ తినడు. ఒక్కొక్కరే మాటివ్వడం మొదలుపెట్టారు. "వదిన్ని మేం చూసుకుంటాం అన్నయ్యా" అన్నాడు భీమశంకరం. కాకి కదల్లేదు. "ఏటా గయలో నీ పేరు చెప్పిస్తాం బావా" అన్నారెవరో. కదల్లేదు. అప్పుడు ప్రసూన ముందుకొచ్చి "నాన్నా, తాయారుని మేం జాగ్రత్తగా చూసుకుంటాం" అంది, కాకి గోడ మీంచి చెట్టు మీదికి గెంతింది.

"అందరం చేతులు జోడించుకుని ఉన్నాం" అంటుంది హైమవతి. "తోలడానికి ఎవరికీ చెయ్యి రాదు. వచ్చింది మీరాయె! ప్రసూన ఒక్కతే అరిచింది. శాస్త్రిగారు ఊరుకోమన్నారు. అది తాయారుని నడుం దగ్గర ముక్కుతో పట్టుకుంది. నల్లగా అయిపోయింది తాయారు, తర్వాత పచ్చగా, తర్వాత పసుపుగా, ఉన్న రంగులన్నీ తిరిగింది. అన్ని రంగులూ అయిపోయాయి. కాకి దాంతో ఎగిరిపోయింది. దక్షిణం వైపే ఎగిరిందని శాస్త్రిగారు తృప్తిగా తలాడించారు. చూశావా వదినా, అన్నయ్య తనది తను తీసుకెళ్ళిపోయాడు అన్నాడు మీ తమ్ముడు. అందరూ కళ్ళొత్తుకుని భోజనాలకి లేచారు."

సముద్రం ఇంకొంచెం దగ్గరికి జరుగుతుంది.

"నేను ఇక్కడే ఉన్నాను" అంటాడు చిదంబరరావు. "ఈ కుర్చీలోంచి లేవలేదు."

"అయితే ఆ కాకి మీరు కాదా?"

"బొంతకాకి అన్నావుగా."

"ఉత్త కాకేనా?"

"ఉత్త కాకే. అవి పిల్లల్ని మేపే రోజులివి, అన్నం కన్నా మాంసం చూస్తాయి." ఆఫీసులో ఎవరో వానపడుతుందా అని అడిగితే చెప్పిన గొంతుతో చెబుతాడు. "అంతమంది నిలబడి ఉత్త కాకికి దణ్ణం పెట్టారన్నమాట."

హైమవతికి నవ్వొస్తుంది. గోడ మీద చుట్టాలు ఒక్కొక్కరే లేచి ఎగిరిపోతారు, భీమశంకరం పంచె కొసలు ఎగురుతూ కొంతదూరం కనిపిస్తాయి.

"నా చెయ్యి లేచింది" అంటుంది. "అది మీకు చెప్పాలి. తోలడానికి చెయ్యి పైకెత్తాను. ఎత్తి దించేశాను."

"శాస్త్రిగారు ఉన్నారనా?"

"ఆయన్నెవరు లెక్కచేశారు! ఆ రోజు మీరు పిలిచింది, నేను రానిది, ఈ ఇంట్లో దానికొక్కదానికే తెలుసు. ఏడాదిగా అది ఒక కన్ను ఆకు మీదా ఒక కన్ను నామీదా పెట్టి చూస్తోంది. పోతే పోనీ అనిపించింది. ఒక్క క్షణమే. మళ్ళీ చెయ్యెత్తేసరికి కొమ్మ ఊగుతోంది, అంతే." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. "ఉన్నన్నాళ్ళూ సవతి అన్నాను దాన్ని. మీరు పోయాక ఈ ఇంట్లో నన్ను చూసి రంగు మారే ప్రాణి అదొక్కటే."

ఇప్పుడిక మాట తప్పిపోదని ఆమెకు తెలుస్తుంది. నోరు తెరిస్తే అల్లం రాదు, పోపు రాదు. "ఆ రోజు నన్నెందుకు పిలిచారు?"

చెట్ల మీది చుక్కలన్నీ ఆగే ఉన్నాయి.

"ఇటు రా అన్నాను" అంటాడాయన.

"అన్నారు. ఎందుకు?"

"నాకొచ్చింది ఆ ఒక్క మాటే హైమా. కాఫీ కావాలన్నా ఇటు రా, కరెంటు పోయినా ఇటు రా. నొప్పికని వేరే మాట నేర్చుకోలేదు."

"అంటే నొప్పేనా?"

"పొద్దున్నించీ ఎడం భుజం లాగుతోంది. అదే సమయానికి దాని గొంతు కింద నీలం వచ్చింది, అంతకుముందెప్పుడూ రాని నీలం. రెండూ ఒకేసారి. పిలిచాను." ఆయన అరచేతులు తిప్పి చూసుకుంటాడు, ఎక్కడో రాసుకుని మర్చిపోయినవాడిలా. "దేనికి పిలిచానో, నువ్వొచ్చి ఉంటే నాక్కూడా తెలిసేది."

ఆమె మీద అరిచినా బావుండేది. క్షమించానని అబద్ధమాడినా బావుండేది. ముప్పై ఆరేళ్ళు కంటికి కనిపించింది తప్ప మరోటి రాయని మనిషి, చచ్చిపోయాక మాత్రం ఎందుకు రాస్తాడు?

"మీకు రెండో మాట నేర్పలేకపోయాను" అంటుంది.

"నువ్వు మాత్రం? వస్తున్నా అనడం తప్ప ఇంకో మాటన్నావా?"

"అని వచ్చేదాన్నిగా! పది పిలుపులకి తొమ్మిదిసార్లు వచ్చాను. తొమ్మిదిసార్లూ అదే, పచ్చగా, కొమ్మ మీద. ఒక్కసారైనా వచ్చిన మనిషి వంక చూశారా?"

ఆయన కుర్చీలో ముందుకు వంగుతాడు, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు, ఎండ లేదు, అయినా పెట్టుకుంటాడు, కళ్ళు చిట్లించి, మబ్బు ఏ రకమో తేల్చుకునేటప్పుడు చూసే చూపుతో, ఆమె మొహంలోకి చూస్తాడు.

"ఆగు. కదలకు."

"ఏమిటి?"

"ఎడం బుగ్గ. చామనచాయ మీద ఎర్రచారలు లేచాయి." పుస్తకం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒళ్ళో తెరిచి ఉంది, పెన్ను కదులుతోంది. "అడ్డంగా. ఒకటి, రెండు, మూడు... ఐదు."

హైమవతి చెదిరిన జుట్టు చెవి వెనక్కి తోసుకుంటుంది. ఇంత చిన్నదానికి. అరవై దగ్గరపడ్డాక, చచ్చిపోయిన మొగుడు, ఊసరవెల్లి పుస్తకంలో, ఒక పంక్తి. సిగ్గుపడాలో చెంప పగలగొట్టాలో తెలియక అక్కడే నిలబడుతుంది, నిలబడి "ఎరుపంటే ఏ ఎరుపో సరిగ్గా రాయండి" అంటుంది.

"దూరానికి తెలియడం లేదు. ఇంకొంచెం దగ్గరికొస్తే..."

ఆమె అడుగు వేస్తుంది, గచ్చు ఉన్నట్టుండి నిజంగానే తడిగా, చల్లగా తగులుతుంది, చెట్ల మీద ఆగిన చుక్కలన్నీ ఒక్కసారే రాలుతాయి, ఆ చప్పుడులో ఆయన ఇంకేదో అంటున్నాడు, పెదాలు కదులుతున్నాయి, ఆమె "ఆఁ?" అంటుంది.

"ఆఁ ఏమిటమ్మా? కాఫీ అంటున్నాను" అంది ప్రసూన.

హాల్లో చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది హైమవతి. కిటికీలోంచి సాయంత్రపుటెండ గచ్చు మీద పడుతోంది. భోజనాలు చేసి భీమశంకరం వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయినట్టున్నారు, ఇల్లంతా నెయ్యి వాసన, పొగ వాసన. ప్రసూన గ్లాసు పట్టుకుని వంగి చూస్తోంది. పొద్దుటి ఏడుపుకి వాచిన కళ్ళు ఇంకా తగ్గలేదు.

"మొద్దునిద్ర పోయావు. మొహం చూసుకో, చాప గీతలు బుగ్గ మీద ఎలా దిగిపోయాయో."

హైమవతి లేచి కూర్చుంది. పైట సర్దుకుంది. కాఫీ అందుకోవడానికి చెయ్యి చాపలేదు.

"మీ నాన్న ఆ రోజు నన్ను పిలిచారే" అంది. "నేను వెళ్ళలేదు."

ఏ రోజని ప్రసూన అడగలేదు. గ్లాసులో కాఫీ మీద మీగడ కట్టేంతసేపు అలాగే నిలబడింది. నుదుటి దగ్గర మొదలై మొహంలో నెత్తురంతా మెల్లిగా కిందికి దిగడం హైమవతి చూస్తూనే ఉంది. అలా చూడడం ఈ ఏడాదిలోనే వచ్చింది ఆమెకు.

"ఎన్నిసార్లు పిలిచాడు?"

"ఒక్కసారే. పెనం మీద అట్టుంది."

ప్రసూన గ్లాసు తల్లి చేతికివ్వలేదు. వంగి, చాపకు అవతల, నేల మీద పెట్టింది. లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది, గడియ పెట్టిన చప్పుడు మాత్రం రాలేదు.

హైమవతి గ్లాసు కేసి చూసింది, తలుపు కేసి చూసింది. తర్వాత చూపుడువేలు ఎడం బుగ్గ మీద పెట్టి, చెవి దగ్గర్నుంచి పెదవి దాకా, గుంటలు తగులుతుంటే ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

ఐదు కాదు. ఆరున్నాయి.